పై గది గోడమీద రాతలు

గౌరవనీయులైన ఇంటి యజమానురాలికి,

పట్టణ గ్రంథాలయాధికారి నమస్కరించి రాయునది.

నలభై అయిదేళ్ళ కిందట మీ ఇస్త్రీ దుకాణం పై గదిలో ఒక మహానుభావుడు రెండేళ్ళపాటు తలదాచుకున్నట్టు మాకు రూఢిగా తెలిసింది. ఆయన ఎందరిని దోచుకున్నాడో, ఈ ఊరిని ఎట్లా ఒక ఊపు ఊపాడో మీకు వేరే చెప్పనక్కర్లేదు. వచ్చే నెలకు ఆయనకు డెబ్బై అయిదేళ్ళు నిండుతాయి. ఇన్నాళ్ళూ నాలుగు గోడల మధ్య ఉంచింది చాలు, ఇక ఆయనను వీధిలోకి తీసుకురావలసిందేనని మా సంఘం తీర్మానించింది.

మీ గది గోడమీద ఆయన రాతలు ఇప్పటికీ ఉన్నాయని విన్నాం. వచ్చే ఆదివారం సంఘ సభ్యులం ముప్పై మందిమి స్వయంగా వచ్చి ఆనవాళ్ళు పరిశీలిస్తాం.

ఇట్లు,
గ్రంథాలయాధికారి, సంఘం కార్యదర్శి

తా.క.: ఆయన చేసిన పనులేమిటో ప్రత్యేకంగా రాయలేదు. తెలియనివాళ్ళెవరు?

---

లైబ్రరీ బాబుగారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందేదాకా మేమంతా క్షేమం.

పై గదిలో అప్పట్లో ఒకాయన అద్దెకుండేవాడు, నిజమే. మేం 'నలిగిన చొక్కా' అనేవాళ్ళం. కింద మేం ఇస్త్రీ దుకాణం పెట్టుకుంటే, అలాంటి చొక్కా వేసుకుని మా మెట్లే దిగేవాడు. మా వ్యాపారానికి ఎంత అప్రదిష్ట! కానీ దోపిడీ సంగతి మాత్రం మేమెరగం. మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఎదుటివాళ్ళ గుండీ కూడా ముట్టలేదు. పొద్దస్తమానం కిటికీ దగ్గర కూర్చుని ఆకాశంకేసి చూసేవాడు. అదే నేరమైతే మా ఆయన్ని కూడా పట్టుకెళ్ళండి.

మా అత్తగారికి జ్వరం వస్తే జోరువానలో డాక్టరుగారిని వెంటబెట్టుకొచ్చిన మనిషి అతను. ఇప్పుడెక్కడున్నాడో నాకు తెలీదు. తెలిసినా చెప్పను.

ఇక గోడమీద రాతలంటారా, ముప్పై మంది వస్తున్నారనేసరికి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆ గదిలో ఎవరూ తీసుకెళ్ళని బట్టల మూటలు పెట్టుకుంటాం. మూటలన్నీ బయటపడేసి, మా ఆయన్ని నిచ్చెనెక్కించి వెల్ల వేయించాను. ఇప్పుడు మీరు భూతద్దం పెట్టి వెతికినా ఒక్క అక్షరం దొరకదు.

ఇస్త్రీ దుకాణం అమ్మ

తా.క.: రెండో పూత కూడా వేశాం. మొదటి పూతలోంచి 'పావురం' అని కనబడుతోంది.

---

అమ్మా,

మీ ఉత్తరం చదివి కుర్చీలో కూలబడ్డాను. ఆయన దొంగ కాదమ్మా, కవి! మహాకవి! దోచుకున్నది మనసులు! ఆరేళ్ళ కిందట కాలం చేశారు; ఉండి ఉంటే డెబ్బై అయిదు నిండేవి, ఈ ఉత్సవం అందుకే. ఆయన కవిత్వాన్ని పుస్తకాల్లోంచి వీధిలోకి తేవాలన్నది మా ఉద్దేశం. పాటల బృందం పాడుతుంది, చిత్రకారులు మీ వీధి గోడలనిండా బొమ్మలు వేస్తారు, నాటకంవాళ్ళు ముగ్గులోకి దిగారు.

'నాకు కవిత్వం నేర్పింది పై గది గోడ' అని కవిగారు స్వయంగా రాసుకున్నారు. ఆ గోడమీద ఆయన రాసుకున్న కవిత ఎక్కడా అచ్చు కాలేదు. దాన్ని చూడాలనే మేమంతా రాబోయింది. దానిమీద మీరు రెండు పూతలు వేశారు.

అయిందేదో అయింది. ఆయన వస్తువు ఒక్కటైనా మిగిలి ఉంటే పంపించండి. చిరిగినా, మాసినా, సిరా మరకలున్నా సరే, గాజు పెట్టెలో పెట్టుకుంటాం.

మీ
గ్రంథాలయాధికారి

తా.క.: మూడో పూత వేయకండి.

---

బాబుగారికి,

ఆయన పోయారని చదివి ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేశాను. ఆ పూట దుకాణం తియ్యలేదు. కవి అని మొదటి ఉత్తరంలోనే ఒక్క ముక్క రాస్తే మీ నోటి ముత్యాలు రాలిపోయేవా? నిచ్చెన దిగేటప్పుడు మా ఆయనకి నడుం పట్టేసింది. ఆకాశంకేసి చూడ్డానికి కూడా ఇప్పుడు వెల్లకిలా పడుకోవాల్సి వస్తోంది.

మీరన్న కవిత మాత్రం నేనెప్పుడూ చూడలేదు. ఆ గోడమీద కవిత్వంలాంటిదేమీ లేదే!

వస్తువంటే ఒకటుంది. ఖాళీ చేసి వెళ్ళేరోజు ఆయన ఒక చొక్కా ఇస్త్రీకిచ్చి మరిచిపోయాడు. మా దుకాణంలో ఎవరి బట్టా పారేసే అలవాటు లేదు. ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను. మాసినా సరే అని మీరు మొహమాటానికి రాశారు గానీ, మా చేతిమీదుగా మాసిన బట్ట ఎన్నడూ గడప దాటలేదు. ఉతికి, గంజి పెట్టి, కొత్తదానిలా చేశాను. కాలరు పట్టుకుంటే నిటారుగా నిలబడుతుంది.

ఇస్త్రీ దుకాణం అమ్మ

తా.క.: జేబు కింద అరచేయంత సిరా మరక ఉండేది. నిమ్మకాయ, ఉప్పు, రెండు రోజుల ఎండ. మచ్చుకైనా మిగల్లేదు. మీరేం థాంక్సులు చెప్పక్కర్లేదు.

---

అమ్మా,

మీకు చేతులెత్తి మొక్కుతాను. ఇంక దేన్నీ శుభ్రం చేయకండి.

ఇంతలో ఒక శుభవార్త. కవిగారి చెల్లెలు పాత నోటుపుస్తకం ఒకటి పంపారు. అందులో 'పై గది గోడ' అనే పేరు కింద ఆ కవిత దొరికింది!

కిటికీ మూయకు, పావురం గుడ్లు పెట్టింది.
దీపం ఆర్పి వెళ్ళు, వెలుగు ఊరికే రాదు.
మెట్లు మెల్లగా దిగు, కింద ఒకరు నిద్రపోతున్నారు.
వాన వస్తే నీదొక్కటే కాదు, తీగమీదవన్నీ తియ్యి.

మా సంఘం పెద్దలు మూడు రోజులు చర్చించారు. పావురం అంటే స్వేచ్ఛ, దీపం జ్ఞానం. కింద నిద్రపోతున్నది సమాజం అన్నంతవరకు అందరూ ఒప్పుకున్నారు. తీగ దగ్గర మాత్రం పేచీ వచ్చింది. వీణ తీగ అని ఒక వర్గం, మల్లెతీగ అని ఇంకో వర్గం. ఇప్పుడు రెండు వర్గాలకూ మాటల్లేవు.

పాటల పంతులమ్మ దీనికి వరస కట్టారు. శుక్రవారం మీ వీధిలోనే సాధన. ఉత్సవం రోజున ముందు వరుసలో కుర్చీ మీది.

మీ
గ్రంథాలయాధికారి

తా.క.: చొక్కాను గాజు పెట్టెలో పెట్టాం. చూసినవాళ్ళందరూ ఏ దుకాణంలో కొన్నారని అడుగుతున్నారు.

---

బాబుగారికి,

మీ ఉత్తరం శుక్రవారం పొద్దున్నే అందింది. చదివి మా ఆయనకి వినిపిస్తే, నడుంనొప్పి కూడా మరిచిపోయి పగలబడి నవ్వారు. జవాబు రాద్దామనుకునేలోపే మీ పాటలవాళ్ళు దిగారు. పంతులమ్మ చెయ్యి ఊపుతోంది, పదిహేను మంది కళ్ళు మూసుకుని 'కింద ఒకరు నిద్రపోతున్నారు' అని తీస్తున్నారు రాగం. నేను ఉండబట్టలేక బయటికొచ్చాను.

"అమ్మాయ్, అంత ఏడుపు అక్కర్లేదు. అది మా అత్తగారు" అన్నాను.

"ఏది మీ అత్తగారు?" అంది పంతులమ్మ.

"కింద పడుకునేది. నిద్ర చెడితే ఇల్లు పీకి పందిరేసేది. ఆ మాట గోడమీద రాసింది నేనే."

వాళ్ళు నమ్మలేదు. మీరూ నమ్మరు. వినండి. ఆయన రోజూ కిటికీ మూసేసేవాడు, దీపం వెలుగుతుండగానే వెళ్ళిపోయేవాడు. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టి, ఇస్త్రీ పెట్టెలో మిగిలిన బొగ్గుముక్కతో గోడమీద రాసి పెట్టాను. నాలుగే కాదు, పదకొండు రాశాను. వాన వస్తే ఆయన చొక్కా ఒక్కటే తీసుకుని లోపలికి పరిగెత్తేవాడు, ఊరి బట్టలన్నీ తడిసేవి. అది బట్టలారేసే తీగ బాబూ! మీ రెండు వర్గాలకీ చెప్పి రాజీ చేయండి. మీరు రాతలు పరిశీలిస్తామని రాసినప్పుడు నేను హడలిపోయింది కూడా అందుకే. అతనితోపాటు నన్నూ పట్టుకెళ్తారనుకున్నాను.

"మిగతా ఏడూ చెప్పండి" అంది పంతులమ్మ. ఒక్కొక్కటే చెప్పాను. 'బొత్తాం ఊడిన రోజే చెప్పు, చొక్కా పోయాక కాదు' అన్నదాకా వచ్చేసరికి ఆవిడ చేతిలోని పాట కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

కానీ బాబుగారూ, కవి పేరు తీసేసి నా పేరు పెడతామంటే మాత్రం నేను కుర్చీలో కూర్చోను. గోడమీద ఆయన రాత కూడా ఉండేది. నోటుపుస్తకంలో దాన్ని ఆయనే వదిలేశాడు. బొగ్గుముక్క చిన్నది, మర్యాదలకి చాలక నేను 'మూయకు, ఆర్పు, తియ్యి' అని ఏకవచనంలో రాసేదాన్ని. మర్నాటికల్లా ప్రతిదాని కింద పెన్సిలుతో ఒకే మాట ఉండేది. ఆ మాట పంతులమ్మకి చెప్పాను. ఇప్పుడు నా మాట ఆవిడ ఒక్కతే పాడుతుంది, వీధి వీధంతా ఆయన మాట అందుకుంటుంది. సాయంత్రం మా ఆయన కూడా మంచంమీదనుంచే గొంతు కలిపారు:

"అలాగేనండీ!"

ఇస్త్రీ దుకాణం అమ్మ