కరెంటు అనకు

చెల్లెమ్మా,

మీ వదినకు నువ్వు రాసిన ఉత్తరం నేను విప్పాను. చదవడానికి ఆమె లేదు. పోయిన నెల ఎవరిదో జాకెట్టు కుడుతూ మిషను మీదికే ఒరిగిపోయింది. గుండె ఆగిందన్నారు.

ఏళ్ల కిందట క్యాన్సర్ వార్డులో పక్కపక్క మంచాల మీద కలిసి వదినామరదళ్లయ్యారు మీరు. ఇద్దరికీ ఛాతీకి రేడియేషన్ ఇస్తే, వార్డులో అందరిలాగే "కరెంటు పెట్టారు" అనేవాళ్లు. "ఇంత కరెంటు ఎక్కించారు, ఇంట్లో ఒక్క దీపమైనా వెలగదేమే!" అని నిన్ను నవ్వించేది.

పోవడానికి వారం ముందు ఆయాసమని వెళ్తే డాక్టరు, "ఎప్పుడైనా రేడియేషన్ తీసుకున్నారా?" అని అడిగాడట. "అబ్బే, లేదండీ" అందట. ఆ మాట ఆమెకు తెలియదు. గ్యాసు మాత్రలిచ్చి పంపాడు. కరెంటు పెట్టించుకున్నవాళ్లకు ఏళ్ల తరవాత కూడా గుండె దెబ్బతినవచ్చని, బాగున్నా పరీక్షలు చేయించుకుంటూ ఉండాలని పెద్దాసుపత్రిలో చెప్పారు, అంతా అయిపోయాక.

మెట్లెక్కితే ఆయాసం, వయసు కదా అని రాశావు. వయసని సరిపెట్టుకోకమ్మా. రేపే వెళ్లి గుండె పరీక్ష చేయించుకో. అక్కడ కరెంటు అనకు, రేడియేషన్ అను.

ఏమన్నారో జవాబు రాయి. కవరు మీద మాత్రం ఎప్పటిలా మీ వదిన పేరే రాయి. గుమ్మంలో పోస్టుమాన్ ఆ పేరు పిలిస్తే ఇంకొక్కసారి వినాలని ఉంది.

అన్నయ్య