శేషయ్యకు చెప్పిన పథ్యం

ఏమండీ,

మీ గుండె ఆగి నేటికి ఏడాది. ఈ ఉదయం మీ మిత్రుడు శేషయ్య, నరసరావుపేటలోని నా డైట్ క్లినిక్‌కు భార్యతో వచ్చాడు. కొలెస్ట్రాల్ పెరిగిందట. నేను మీకు పెట్టిన పథ్యాన్ని చూసి, "ఏంది బావా, పెళ్ళాం గడ్డి పెడతందా?" అని నవ్వి, వాకింగ్ పేరుతో మిమ్మల్ని రోజూ పునుగుల బండికి తీసుకువెళ్ళినవాడు ఇతనే.

జొన్నరొట్టె, ఆకుకూరలు, నూనె తగ్గించి వండే పద్ధతి, అన్నీ అతని భార్యకు ఓపికగా వివరించాను.

"వదినా, నడకకు ఒంటరిగా పంపొద్దు. మీరూ వెళ్ళండి. దారిలో బండి ఉంది."

శేషయ్య తల దించుకున్నాడు.

"ఇట్టా ఎన్నాళ్ళు తినాల చెల్లెమ్మా?"

"బతికినన్నాళ్ళూ, అన్నయ్యా."

నా కసి తీరాలంటే అతను చాలా ఏళ్ళు బతకాలి. మీరు పక్కన లేని ప్రతి ఉదయమూ లేచి నడవాలి.