తెల్ల గరాటు లోపలివాళ్ళు

మరదలికి దీవెనలతో నీ బావ రాయునది.

తుఫాను ఎటు పోతుందో చెప్పే ఉద్యోగం చేస్తున్నావు గదా, అది ఎవరిని విడిచిపెడుతుందో చెప్పగలవా? నేను చెప్పగలను!

సెలవులకొచ్చినప్పుడు మన మందిరం కంప్యూటర్లో నువ్వు వేసి వెళ్ళిన వాతావరణ సాఫ్ట్‌వేర్‌ని నాకు నేనే నేర్చుకున్నాను. రేడియోలో చెప్పిన అక్షాంశాలు, రేఖాంశాలు కొడితే చుక్కలు పడ్డాయి. చుక్కలు కలిపితే తుఫాను దారి వచ్చింది. ఆ గీతకి అటూ ఇటూ తెల్లని గరాటు ఒకటి విచ్చుకుంది. ఒళ్ళు జలదరించిందనుకో! ఒడ్డునున్న మన మందిరం సరిగ్గా దాని లోపల ఉంది. కొండవీధిలో నాలుగు లౌడ్‌స్పీకర్లు పెట్టుకుని అరిచే పాస్టరు మైకుగారి మందిరం బయట ఉండిపోయింది. ఇంత చూశాక ఊరుకుంటానా? గంట కొట్టించి అందరికీ చాటాను.

ఇట్లు,
నీ బావ

తా.క.: బాప్తిస్మం తొట్టిలో నా ఫోను పడింది. దాన్ని తీయబోయి మీ అక్క ఫోనూ పడింది. రెండూ మునిగి లేచాయి గానీ కొత్త జీవితం రాలేదు. ఊళ్ళో మిగతా ఫోన్లకి సిగ్నలు లేదు. అందుకే ఈ ఉత్తరం బస్సు కండక్టరు చేతికిస్తున్నాను. మైకుగారి కోసం ప్రార్థించు.

*

బావగారికి నమస్కారాలు.

మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి ఆ గరాటు ఓ పట్టాన బుర్రకెక్కదు. మీరు చూడగానే పట్టేశారు, పైగా ఊరికి చాటారు! గర్వంగా ఉంది. గరాటు లోపలున్నవాళ్ళంతా వెంటనే సిద్ధపడాలి. నాకు కంప్యూటర్ తెర ముందు నుంచి లేచే తీరిక లేదు. అమ్మా, అక్కా మీ బాధ్యతే.

ఉంటాను,
మీ మరదలు

తా.క.: మైకుగారి కోసం ప్రార్థించమన్నారేమిటి? మీ ఇద్దరికీ మాటలు కలిశాయా? అయితే ఈ తుఫాను మామూలుది కాదు.

*

మరదలికి, ఆనందబాష్పాలతో బావ రాయునది.

'సిద్ధపడాలి' అన్న నీ ఒక్క మాట మీదే పొద్దుగూకేదాకా బోధించాను. అందరూ సిద్ధపడ్డారు! ఉపవాసమున్నారు. పాత తగాదాలు తెంచుకున్నారు. గరాటు బయట మనవాళ్ళని ఎవరినీ మిగల్చలేదు నేను. కొండ మీద మీ పిన్నిగారింట్లో హాయిగా కూర్చున్న మీ అమ్మగారిని కూడా బండెక్కించి, ఒడ్డున మన మందిరంలోకి తెచ్చాను. పడవలవాళ్ళు పడవలు పైకి లాగబోతే, "కృప లోపలుండి భయమేమిట్రా?" అని గద్దించాను.

ఇట్లు,
ధన్యుడైన నీ బావ

తా.క.: ఆ గరాటు ముందుకు పోయేకొద్దీ వెడల్పవుతోంది. కృపకి కొలతలుంటాయా!

*

బావగారూ!

నమస్కారాలు తర్వాత. ఆ తెలుపు కృప కాదు. మాకు తెలియని మేర! తుఫాను మధ్యభాగం ఆ గరాటులో ఎటునుంచైనా రావచ్చు. ముందు రోజుల సంగతి మరీ తెలియదు కాబట్టి వెడల్పవుతుంది. సిద్ధపడటమంటే సామాను కట్టుకుని ఎత్తుకి పోవడం. ఊరందరినీ తీసుకెళ్ళి తుఫాను నోట్లో పెట్టారు కదండీ! మా అమ్మని బండెక్కించి మరీ!

నేర్పకుండా సాఫ్ట్‌వేర్ వదిలి రావడం నా తప్పు. మీ ఉత్తరం సరిగ్గా చదవకుండా మెచ్చుకోవడం ఇంకా పెద్ద తప్పు. పక్క కుర్చీలో ఉన్నవాళ్ళ ముఖం చూడలేకపోతున్నాను. రేపు తీరం దాటుతుంది. అందరినీ కదిలించండి.

మీ మరదలు

తా.క.: మాకు తెలియనిదాన్ని కూడా గీసి చూపిస్తాం మేము. మరి మీరు?

*

మరదలికి, తలెత్తలేని బావ రాయునది.

నీ ఉత్తరం బస్సు మెట్ల మీదే చదివాను. నా ముఖం చూసి కండక్టరు అటు తిరిగి, లేని చిల్లర వెతుక్కున్నాడు. గ్రంథం తెరిస్తే, ఓడలోంచి సముద్రంలోకి విసిరేసిన ప్రవక్త దగ్గరే తెరుచుకుంది. ఆయన ఒక్కడే మునిగాడు. నేను ఊరిని వెంటబెట్టుకున్నాను.

ముందు మైకుగారి గుమ్మంలో నిలబడి చోటడిగాను. గరాటు సంగతంతా చెప్పుకున్నాను. నవ్వుతారనుకున్నాను. "లోపలికి రా తమ్ముడూ. నేనైతే అదే తప్పు నాలుగు లౌడ్‌స్పీకర్లలో చెప్పేవాణ్ణి" అన్నారు. అప్పుడే దుప్పట్లు పరిపిస్తున్నారు.

తిరిగొచ్చి వేదికెక్కి, "తప్పు చెప్పాను. ఆ తెలుపేమిటో నాకు తెలియకుండానే చెప్పాను. లేవండి, కొండవీధికి పోదాం" అన్నాను. ఒక్కరూ లేవలేదు! నా నోట 'తెలియదు' అన్న మాట వీళ్ళెప్పుడైనా విన్నారా? జ్వరమన్నారు. మీ అమ్మగారు నా నుదుటి మీద తడిగుడ్డ వేసి, "అల్లుడుగారు అల్లుడుగారిలా లేరు, పడుకోబెట్టండి" అన్నారు. మీ అక్క మాత్రం, "ఇన్నాళ్ళకి మనిషిలా మాట్లాడారు" అని పిల్లల్ని తీసుకుని కొండవీధికి బయల్దేరింది. పడవలవాళ్ళు ఆమె వెంట వెళ్ళారు. మిగతావాళ్ళు నా చుట్టూ కూర్చుని నాకు నెమ్మది కావాలని ప్రార్థిస్తున్నారు. నేను అరిచినకొద్దీ జ్వరం పెరిగిందంటున్నారు. నేను నేర్పిన విశ్వాసమే, నా మీదే కూర్చుంది. సిగ్గుతో చచ్చిపోతున్నానమ్మా.

మీ అమ్మగారు లేస్తే అందరూ లేస్తారు. ఆవిడ నీ చేతిరాత తప్ప మరేదీ నమ్మరు. నీ ఉత్తరం చూపిద్దామంటే, వానకి తడిసి సిరా అంతా కారిపోయింది.

ఇట్లు,
జ్వరం లేని నీ బావ

తా.క.: కండక్టరు మీ ఆఫీసు గుమ్మంలో నిలబడే ఉంటాడు. ఇక ఇటు వచ్చే బస్సు అదొక్కటే. 'అమ్మా, ఆయనకేం కాలేదు, ఈసారి నిజమే చెబుతున్నారు, లేచి నడువు' అని రాసి అతని చేతిలో పెట్టు. తెర ముందు నుంచి లే, ఇప్పుడే, ఇవాళే రాయి!