మీ మామకు కొన్న క్రీము

చంద్రపూర్, 12-1-95

ప్రతిభా, నీకు నాయిన దీవెనలు, మేమిద్దరం బాగున్నాం.

మొన్న పెళ్లికొచ్చిన నా వియ్యంకుడు, అదే మీ మామ, మా ఇంట్లో అందరి ముందు క్రీము డబ్బా తీశాడు. "నా తోలు ఊకె మండుతది బావా. మా కోడలు వాసన లేనిది ఏరి తెచ్చింది. ముందుగాల మోచేతి మడతల పూసి చూడుమన్నది" అని మురిశాడు. పరిమళాలు పడవని పుస్తకాలు తిరగేసి నీకు చెప్పింది నేను. నీకొచ్చింది నా చర్మమే కాబట్టి, చిన్నప్పుడు నీకేది పూయాలన్నా ముందు నా చేతికే పూసి చూసేవాణ్ణి. ఆ మాట ఆయనకు చెప్పలేదేం?

ఇక్కడ బజారు నిండా విదేశీ క్రీములే, అన్నీ ఘాటు వాసనవే. నా మొహం మండుతోంది. ఆయనకిచ్చిన రకమే నాకూ పంపు. డబ్బా చిన్నది కాకూడదు.

మనవరాలికి బుగ్గలు పగులుతున్నాయా? దానికి కొత్తదేది కొన్నా ముందు ఇక్కడికి పంపు. ఆ పరీక్షకు మీ మామ చెయ్యి పనికిరాదు. అది మన చర్మం కాదు.

నాయిన