థోరా రైఫిల్‌కు ఏ తూటా

డిల్లన్, మోంటానా
సెప్టెంబర్ 20

చెల్లెలు థోరాకు,

అన్న ఓరిన్ ఆశీస్సులు. ఇక్కడ నాన్న, మీ వదిన లొరెయిన్, నేను, రెండు కుక్కలు, అందరం కులాసా. నా కుడి కనుబొమ ఒక్కటే కులాసాగా లేదు. దాని సంగతి తర్వాత చెప్తాను. అక్కడ కోడియాక్‌లో నీ ఒంట్లో బాగుందనీ, ఆస్పత్రి పని మరీ నలగ్గొట్టడం లేదనీ, ఆ వాన కనీసం ఆదివారాలైనా ఆగుతోందనీ తలుస్తాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. మామూలుగా అయితే నాన్నను వర్క్‌షాపులో పొయ్యి పక్కన కూర్చోబెట్టి, ఆయన చెవి దగ్గర గట్టిగా చదివి వినిపించేవాణ్ణి. ఈసారి నేను చదవలేదు. కళ్ళలో ఆ పొరలతోనే, భూతద్దం పెట్టుకుని, ఒక్కో మాటా పట్టుకుని గంటసేపు ఆయనే చదువుకున్నాడు. ఎందుకో చెప్తాను, తొందరపడకు.

ముందు నువ్వు అడిగిన వాటికి జవాబులు. నాన్న కళ్ళకు ఆపరేషన్ నవంబరు రెండో వారంలో. చేతుల వణుకు మాత్రం ఎక్కువైంది. కాఫీ కప్పు సగమే నింపమంటాడు, మీ వదిన నిండుగా పోస్తే కోప్పడతాడు. చోక్‌చెర్రీ జామ్ రెండు సీసాలు పంపించాం, దారిలో పగలకపోతే నీ అదృష్టం. నిన్ను కింద పడేసిన ఆ ఎర్ర గుర్రం బాగానే ఉంది. నీ భుజం పక్క ఎముకలో పలక, ఆరు మరలు పెట్టించిన జంతువు క్షేమం నువ్వు ప్రతి ఉత్తరంలో అడుగుతావు. నా మోకాలి నొప్పి గురించి మాత్రం ఒక్కసారీ అడగలేదు. పోనీలే.

రైఫిల్ సిద్ధమైందా అని అడిగావు. అయింది. అయ్యాక మళ్ళీ విప్పేశాం.

థోరా, నీమీద నాకు ఓర్వలేనితనం ఉంది. ఇన్నేళ్ళలో ఈ మాట నీకు చెప్పలేదు. చెప్పకపోయినా నీకు తెలుసేమో. నా రైఫిల్ ఏదో నీకు తెలుసు కదా, మామయ్య ఇరవై ఏళ్ళు వాడి, కారు వెనక పడేసి మరిచిపోతే నాన్న తుప్పు గీకి నాకిచ్చినది. దానితోనే ఇరవై ఆరు ఎల్క్ దుప్పుల్ని ఇంటికి తెచ్చాను. దానికి వంక పెట్టడం లేదు. కానీ నీ కోసం నాన్న కొత్త గొట్టం తెప్పించాడు. అటక మీద ఎవరినీ తాకనివ్వకుండా దాచిన వాల్‌నట్ దుంగ దించాడు. దాని నారలు నీటిమీద పొగలా ఉంటాయి. నీ పాత కోటు చేయి కొలిచి, నీ పొట్టి చేతులకు సరిపోయేలా, భుజానికి ఆనించే కర్ర చెక్కాడు. ‘ఇదే నా ఆఖరుది’ అన్నాడు. ఆఖరుది నీది. నా వంతు ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. పన్నెండేళ్ళప్పుడే నీచేత లేత్ మిషన్ తిప్పించాడు. నన్ను మాత్రం ‘నీ చేతులకు తొందరెక్కువ, బయట కట్టెలు కొట్టుకో’ అన్నాడు. నలభై ఏళ్ళుగా ఈ ఇంట్లో కట్టెలు కొట్టేది నేనే.

‘పక్కవాడి కంచంలోదే రుచి అనుకునే మనిషివి నువ్వు’ అంటుంది మీ వదిన. ‘నీ రైఫిలుకి ఏం తక్కువైంది, ఎందుకా ఏడుపు?’ అంటుంది. ఆమెకు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ లేరు, ఆమెకేం తెలుసు.

ఇక చెప్పాలి. జూన్‌లో నువ్వు రాసిన ఉత్తరం గుర్తుందా? గొట్టం ఏడు మిల్లీమీటర్లది, దాని వెనక తూటా కూర్చునే గది ఏ తూటాకు తొలవాలో నాన్న నిన్ను అడగమన్నాడు. నువ్వు నాలుగు పేజీలు రాశావు. చిన్నది చాలన్నావు, సెవెన్-ఓ-ఎయిట్. నాలుగు వందల గజాలు దాటితే నేను కాల్చను, దగ్గరికి నడుస్తాను అన్నావు. భుజంలో పలక ఉంది, పెద్ద తూటా పేలి వెనక్కి తన్నితే భయంతో ముందే కళ్ళు మూసుకుంటాను, అప్పుడు దుప్పి కాలికి తగిలి కొండలోకి కుంటుకుంటూ పోతుంది, అది నా వల్ల కాదు అన్నావు. ఎంత బాగా రాశావో. అది చదువుతుంటేనే నాకు కడుపు మండింది. ఏం కావాలో నీకు అంత స్పష్టంగా తెలుసు.

ఆ పేజీలు చేత్తో పట్టుకుని, నాన్న చెవిలో నేను చదివింది వేరు. ‘పెద్ద తూటా, మాగ్నమ్ కావాలి నాన్నా, ఏడు వందల గజాలు అందుకోవాలని ఉంది’ అని చదివాను.

‘మరి ఆ ఎముకో?’ అన్నాడు నాన్న. అతికిపోయిందట అన్నాను. ‘సరే. తుపాకీ దానిది, భుజమూ దానిదే. అడిగింది ఇద్దాం’ అన్నాడు. వణికే చేతిని రెండో చేత్తో పట్టుకుని, మూడు రోజులు పట్టి, ఆ గొట్టంలో పెద్ద తూటాకు గది తొలిచాడు. మామూలుగా ఆయనకది ఒక పూట పని. నేను పక్కనే నిలబడి నూనె పోశాను.

ఎందుకు చేశానని అడుగుతావు. నీమీద కక్షతో కాదు. నువ్వు వస్తావు, రెండు తూటాలు కాలుస్తావు, భుజం పట్టుకుంటావు, ‘నా వల్ల కాదు అన్నయ్యా, నువ్వే ఉంచుకో’ అంటావు. నీ మంచితనం నాకు తెలుసు, దాని మీదే లెక్క వేసుకున్నాను. నాన్న ఆఖరి రైఫిల్ నా చేతికి వస్తుంది, అడక్కుండా, దొంగిలించకుండా. ఇప్పుడు రాస్తుంటే దొంగతనం కంటే నీచంగా కనిపిస్తోంది. అప్పుడు మాత్రం తెలివనిపించింది.

కానీ ఆ లెక్కలో కర్ర సంగతి మరిచిపోయాను. తూటా నాకు తగ్గట్టు మార్చానే కానీ, కర్ర నీ చేతికి చెక్కినది. ఆగస్టు చివర్లో మీ వదిన నాన్నను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆగలేకపోయాను. రైఫిల్ తీసుకుని కంకర గుంట దగ్గరికి పోయాను. నీకంటే ముందు, నాన్నకంటే ముందు, మొదటి తూటా నేనే కాల్చాలనిపించింది. అంత పొట్టి కర్ర భుజానికి ఆనిస్తే కన్ను గురి చూసే స్కోప్‌కు దాదాపు అంటుకుంది. పైగా మాగ్నమ్. అది తన్నిన తన్నుకు స్కోప్ అంచు వచ్చి కనుబొమ మీద కొట్టింది. రక్తం చెంప మీదుగా నీ వాల్‌నట్ కర్ర మీద పడింది. తుడిచేశాను. మరక పోయింది.

తేలు కుట్టిన దొంగలా ఇంటికొచ్చాను. ట్రక్కు మూత తగిలిందని మీ వదినకు చెప్పాను. ఆమె నమ్మి ఐదు కుట్లు వేయించింది, నీకు కార్డులోనూ అదే రాసింది. ఈ ఊళ్ళో స్కోప్ కొట్టిన ఆ నెలవంక గాటు చూసి ట్రక్కు అంటే నమ్మేది ఆమె ఒక్కతే. నాన్న చూడలేదు, కళ్ళు కనపడవు కదా. భోజనాల దగ్గర నా ముఖం పట్టుకుని బొటనవేలితో ఆ కుట్ల వెంట ఒకసారి తడిమాడు. చేయి తీసేసి బంగాళాదుంపలు తిన్నాడు.

మూడో రోజు, ‘జూన్‌లో పిల్ల రాసిన ఉత్తరం తీసుకురా’ అన్నాడు. తెచ్చిచ్చాను. భూతద్దం తీశాడు. నాలుగు పేజీలూ చదివే దాకా నేను అక్కడే నిలబడ్డాను. చదవడం అయ్యాక కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, ‘చెప్పు’ అన్నాడు.

తప్పు ఒప్పుకునేవాళ్ళు గొంతు తగ్గిస్తారు. నాకా అదృష్టం కూడా లేదు. అరిచి చెప్పాల్సి వచ్చింది. ‘నాకు కుళ్ళు నాన్నా’ అంటే, ‘ఏంటీ?’ అన్నాడు. మళ్ళీ అరిచాను. వంటింట్లో మీ వదిన గిన్నెలు తోమడం ఆపేసింది.

నాన్న తిట్టలేదు. తిడితే బాగుండేది. ‘ఆ దుంగ ఎవరి కోసం దాచాననుకున్నావురా?’ అన్నాడు. నేను నీ పేరు చెప్పాను. తల అడ్డంగా ఊపాడు. ‘ఎవరు ముందు అడిగితే వాళ్ళకని దాచాను. అది అడిగింది. నువ్వు ముప్పై ఏళ్ళు నా ఎదురుగా తిరుగుతూ ఒక్కనాడూ నోరు విప్పలేదు. అడగని వాడికి ఏది కావాలో నాకెలా తెలుస్తుంది?’

నువ్వు నోరు తెరిచి అడుగుతావు. నేను ఎవరో పెడతారేమోనని గిన్నె పట్టుకుని చూస్తూ కూర్చుంటాను, పెట్టకపోతే పక్కవాళ్ళ గిన్నెలోకి చూస్తాను. నీకూ నాకూ ఉన్న తేడా అంతే. అది నాన్న తప్పూ కాదు, నీ తప్పూ కాదు. అయినా మంట మంటే.

మర్నాడు నన్ను లేత్ ముందు నిలబెట్టాడు. గొట్టం వెనకవైపు పెద్ద గది ఉన్న భాగమంతా, రెండున్నర అంగుళాలు, కోసి పారేయించాడు. గొట్టం బిగించే మరలు మళ్ళీ కోయించాడు. తూటాను వెనకనుంచి మూసే బోల్టు, చిన్న తూటాకు సరిపోయేది, పాత పెట్టెలోంచి తీశాడు. ఇప్పుడు గది తొలుస్తున్నాను, నేనే. ఆయన కుర్చీలో కూర్చుని గొట్టం మీద వేలు పెట్టి, చప్పుడు వినపడకపోయినా ఆ అదురును బట్టి చెప్తాడు, ‘ఆపు. బయటికి తియ్యి. తుడువు. ఇప్పుడు కానివ్వు.’ ఈ రెండు వారాల్లో నాన్న నా చేతుల గురించి ఒక్కసారి కూడా తొందరెక్కువ అనలేదు. అక్టోబరు చివర్లో నువ్వు వచ్చేసరికి నీ సెవెన్-ఓ-ఎయిట్ సిద్ధంగా ఉంటుంది. గొట్టం నువ్వు అనుకున్నదానికంటే కొంచెం పొట్టి. నాలుగు వందల గజాలకు ఆ తేడా నీకు తెలియదు. తిట్టాలంటే వచ్చాక ఎదురుగా తిట్టు, ఉత్తరంలో వద్దు. ఇకనుంచి నీ ఉత్తరాలు నాన్నే చదువుకుంటాడు, పెద్ద అక్షరాలతో రాయి.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. నిన్న సాయంత్రం పని ఆపాక, ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటుంటే అడిగాను. ‘నాన్నా, నాకూ ఒకటి చెయ్యి.’ వినపడలేదు. యాభై రెండేళ్ళవాణ్ణి, వర్క్‌షాపు నడుమ నిలబడి రెండోసారి అరిచాను.

ఆయన ఆశ్చర్యపోలేదు. ‘తొలిచేది నువ్వు, చెప్పేది నేను. సరేనా?’ అన్నాడు. సరే అన్నాను. ‘ఏ తూటాకి?’ అన్నాడు.

థోరా, మాగ్నమ్ అందామంటే, అది నీ రైఫిల్ నా దగ్గరికి రావడానికి అల్లిన అబద్ధం. చిన్నది అందామంటే అది నీది. ఇన్నేళ్ళూ నీకు ఏముందో చూశానే తప్ప నాకేం కావాలో నన్ను నేను ఒక్కసారీ అడగలేదు. ‘ఆలోచించుకో’ అని నాన్న దీపం ఆర్పి లోపలికి వెళ్ళాడు. పొద్దున్న కాఫీ దగ్గర మళ్ళీ అడిగాడు. ఇంకా చెప్పలేదు.

ఇట్లు,
నిన్ను మోసం చేసి, నీ దగ్గరే ఒప్పుకుంటున్న
నీ అన్న,
ఓరిన్