అంచు కత్తిరించని జలపాతం

ఏమండీ, నమస్కారం.

మీరు వెళ్ళిపోయి రేపటికి పదకొండు నెలలు. వచ్చే నెల సంవత్సరీకం. భద్రాచలం నుంచి మీ తమ్ముడు వచ్చి జరిపిస్తానని కబురు పంపారు. అది అయిపోతే మీరు పితృదేవతల్లో కలిసిపోతారట. దేవతలకు ఇలాంటి ఉత్తరం రాయకూడదు. అందుకే, మీరింకా దారిలో ఉండగానే కలం పట్టాను.

మీ ఎదుట నేనెన్నడూ గొంతు పెంచలేదు. ఇప్పుడూ పెంచను. కలానికి గొంతు ఉండదు కదా...

ముందు ఇంటి సంగతులు. ఫొటో దుకాణం మూయలేదు. మనుషులకు ఫొటోలు తీయడం నాకు రాదు. మీరు దాచిన గాజు ప్లేట్లనుంచి ముద్రలు తీసి, రంగులు వేసి ఇస్తున్నాను. కావలసిన వాళ్ళు వెతుక్కుంటూ వస్తున్నారు. జగదల్‌పూర్‌లో ఆ పని తెలిసిన వాళ్ళు ఇంకెవరున్నారు? పెరట్లో మీరు నాటిన నిమ్మ ఈ ఏడు కాసింది. కాయలు చిన్నవి. రసం బాగానే ఉంది.

మాఘమాసంలో అతిథి బంగళా ఓవర్సియరు వచ్చాడు. హాల్లో వేలాడుతున్న మీ చిత్రకోట్ జలపాతం పటాన్ని చెదలు తినేశాయట. అచ్చం అలాంటిదే ఇంకొకటి కావాలన్నాడు. సరేనన్నాను. ఆ ప్లేటు మీ ప్లేట్ల పెట్టెలోనే ఉంటుందని తెలుసు. తెలిసీ రెండు నెలలు పెట్టె తెరవలేదు.

ఎందుకో మీకు తెలుసు. మంచం పట్టిన ఆఖరి రోజుల్లో కూడా మీరు ఒకటే మాట. "ఆ పెట్టె తెరవకే. వెలుతురు తగుల్తది." అప్పుడు తల ఊపాను. ఇరవై ఏళ్ళు మీ పక్కన కూర్చుని పనిచేసిన దాన్ని, హైస్కూలు దాకా చదివిన దాన్ని... కడిగి ఆరబెట్టిన ప్లేటును వెలుతురు ఏం చేస్తుందని నాకు అప్పుడు తోచలేదు. మీ మాటను అనుమానించడం నాకు అలవాటు లేదు.

చిత్రకోట్‌కు వెళ్ళింది గుర్తుందా? ఆశ్వయుజం. రెండు రోజులు ఎడ్లబండి మీద. పెళ్ళయిన పదిహేనేళ్ళకు, రాముడికి మొక్కుకుంటే పుట్టిన జానకికి అప్పటికి ఏడేళ్ళు. వానలు తగ్గినా ఇంద్రావతి ఇంకా ఎర్రగానే పారుతోంది. బండి దిగుతూనే జానకి అరిచింది, "అమ్మా! చింతపండు పులుసు దుముకుతోంది!" మీరు కూడా నవ్వారు. ఆ నవ్వు ఒక్కటి మీ పేరున జమ ఉంచాను. చెరపలేదు.

జలపాతం ఎంత ఎత్తో తెలియాలంటే పక్కన ఒక మనిషి నిలబడాలన్నారు. జానకిని కుడివైపు బండ మీద నిలబెట్టారు. నేను ఒడ్డున మూడు రాళ్ళు పెట్టి అన్నం వండుతున్నాను. అక్కడికి మీరిద్దరూ కనబడరు గానీ ఆ హోరులోనూ మాటలు వినబడుతున్నాయి.

"కదలకు. కదిల్తివా, బొమ్మంత పాడయితది."

"నాన్నా, అయిందా?"

"ఎండ రానీ."

"అయిందా నాన్నా?"

"ఏంది నీ తొందర? మబ్బు పోనీ."

పెదవులు కదపకుండా మాట్లాడుతోందని గొంతును బట్టే తెలిసింది. పొద్దున నిలబెడితే మధ్యాహ్నానికి గానీ మబ్బు పోలేదు. తుంపర దాని మీద పడుతూనే ఉంది. అన్నం ఉడికి, చల్లారిపోయింది. నేను లేచి వెళ్ళి దాన్ని తీసుకురావచ్చు. వెళ్ళలేదు. మీ పనికి అడ్డం రాకూడదని. చివరికి అది వచ్చినప్పుడు పరికిణీ పిండితే చెంబెడు నీళ్ళు దిగాయి. పళ్ళు కొట్టుకుంటున్నా ముఖం మాత్రం వెలిగిపోతోంది. ఏదో గెలిచి వచ్చినట్టు.

ఇంటికొచ్చాక ముద్ర తీసి నా ముందు పెట్టారు, రంగులు వేయమని. కుడివైపు అంచు లేదు. బండా లేదు, పిల్లా లేదు. జానకి నా భుజం మీదుగా వంగి చూసి, "నేనెక్కడున్నాను?" అంది.

"నువ్వు కదిలినవు. పొగ లెక్క వచ్చినవు. అందుకే తీసేసిన."

"నేను కదల్లేదు నాన్నా."

"ఏంది? నాకన్న నీకెక్కువ ఎరుకనా?"

అది నా కొంగు పట్టుకుంది. "అమ్మా, నేను కదల్లేదు. ముక్కు మీద ఈగ వాలినా కదల్లేదు."

అప్పుడు నేను చేసిన పని మీరు చూశారు. నాన్న అబద్ధం చెప్పరని, పెద్దవాళ్ళకు ఎదురు చెబితే రాముడికి కోపం వస్తుందని, దాన్ని దేవుడి గూటి ముందుకు తీసుకుపోయి లెంపలు వేయించాను. చేతులు అడ్డంగా పెట్టుకుని, చెంపల మీద కొట్టుకుంటూ, "కదిలాను, తప్పయింది" అంది. మూడుసార్లు. మీరు కత్తెర తుడుచుకుంటున్నారు. ఒక్కసారి తలెత్తి చూసి, మళ్ళీ తుడుచుకున్నారు.

ఆ ఒక్క చూపులో నోరు విప్పి ఉంటే ఏం పోయేదండీ?

తర్వాత రంగులకు కూర్చున్నాను. నీళ్ళకు ఎర్రమట్టి రంగు కలుపుతుంటే మీరు ఆపారు. "నీళ్ళు నీలముండాలె. దొరలు కొనేది నీళ్ళను కాదు, నీలాన్ని." చెట్లకు వేసిన పచ్చ కూడా మీకు నచ్చలేదు. "ఏందే ఆ ఆకుపచ్చ? చిలకను పిండినవా?" అందులో కాస్త బూడిదరంగు కలిపి చల్లార్చాను. పుల్లకు దూది చుట్టి, నీలంలో ముంచి, జలపాతం మొత్తం తుడిచాను. పక్కన కూర్చుని చూస్తూ జానకి అడిగింది, "అమ్మా, నీళ్ళు ఎర్రగా ఉన్నాయి గదా?" నాన్న నీలం అన్నారని చెప్పాను. ఇంకేం అడగలేదు. తన కళ్ళను తనే నమ్మకూడదని అప్పటికి నేర్చుకుంది. నేర్పింది మనమే.

ఆరో రోజున జానకికి జ్వరం తగిలింది. తొమ్మిది రోజులు కాసింది. ఆ మంటలో కూడా, "కదల్లేదమ్మా..." నేను నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ సరే సరే అన్నాను. సరే అన్నాను గానీ నమ్ముతున్నానని అనలేదు. అది ఆ తేడా తెలియని పిల్ల కాదు.

జానకి పోయాక దాని ముఖం మన ఇంట్లో ఒక్క కాగితం మీద కూడా లేదని తెలిసింది. ఊరందరికీ ఫొటోలు తీసే ఇల్లు. సొంత పిల్లకు రేపు తీద్దాం, దసరాకు తీద్దాం అంటూ దాటేశారు. పొగలా వచ్చినా ఫరవాలేదు, ఆ ముక్కే ముద్ర తీసి ఇవ్వమని మీ కాళ్ళు పట్టుకున్నాను. ఏమన్నారో గుర్తుందా?

"పొగ ముందల దీపం పెడ్తవా? పిచ్చిదానా, లే."

లేచాను. పద్దెనిమిదేళ్ళు మళ్ళీ అడగలేదు.

శ్రీరామనవమి వెళ్ళిన నాలుగో రోజున పెట్టె తెరిచాను. ప్లేట్ల మధ్య మీరు వేసిన వేపాకు పొడి అయిపోయింది. చిత్రకోట్ ప్లేటు అడుగున ఉంది. కుడి అంచున, బొమ్మ పట్టే పొర ఉన్నవైపే, బెత్తెడు వెడల్పున నల్లకాగితం అతికించి ఉంది. తుమ్మజిగురుతో, చుట్టూ మరక కూడా లేకుండా. మీ చేతిపని అలాగే ఉంటుంది. ముద్రలో ఆ భాగం పడకుండా కాగితం వేయడం మనకు మామూలే. కానీ ఏ ప్లేటుకూ ఇంత గట్టిగా అతికించలేదు మీరు.

పొగైనా చూద్దామనుకున్నాను. అంతే. ప్రమాణంగా అంతే.

చన్నీళ్ళలో పెట్టాను. కాగితం ఊడలేదు. పొద్దుట నుంచి సాయంత్రం దాకా చూశాను... ఊడలేదు. మీరు నేర్పింది నోటికి వచ్చు. "ఎండకాలం పటిక వేసిన కుండనీళ్ళు తప్ప ప్లేటుకు వేరే నీళ్ళు తాకనీకు. పొర పాల మీగడే అనుకో." వెయ్యిసార్లు విన్నాను. మరి ఆ పూట నా చేతులకు ఏమైంది? పొయ్యి మీద నీళ్ళు కాచాను. తొట్టిలో పోసి మోచేయి ముంచి చూశాను. జానకికి స్నానం చేయించేటప్పుడు చూసేదాన్నే, అలా. కాలకూడదు, చలి పెట్టకూడదు. ఆ వేడికి సరిపెట్టి ప్లేటు దించాను.

కాగితం ఊడింది.

ఎత్తి కిటికీ వెలుగుకు పట్టుకున్నాను. పొగ లేదండీ.

పరికిణీ మడతలు లెక్కపెట్టవచ్చు. రెండు చేతులతో దాన్ని గట్టిగా పట్టుకుని ఉంది, కదలకూడదని. వేళ్ళు వేరువేరుగా కనిపిస్తున్నాయి. ప్లేటు మీద నలుపు తెలుపులు తారుమారు కదా, ముఖం నల్లగా ఉంది, జుట్టు తెల్లగా ఉంది. నాకంటే ముసలిదానిలా, ఎన్నో ఏళ్ళు బతికినదానిలా నన్ను చూసింది. కదల్లేదు. ఈగ వాలినా కదల్లేదు.

ఎంతసేపు చూశాను? పది లెక్కపెట్టేంత. అంచు ముడతపడింది. ముడత బండ దాకా వచ్చింది. పరికిణీ దాకా వచ్చింది. అరచేయి అడ్డం పెట్టాను. మీగడ చేతికి అందుతుందా? చిరిగి, జారి, తొట్టిలో పడింది. ఆ అంచున ఉత్త గాజు మిగిలింది. జలపాతం మాత్రం చెక్కుచెదరలేదు.

అప్పుడు తెలిసింది, మీరెందుకు కత్తిరించారో. దాని వెనక జలపాతం చిన్నదిగా కనిపిస్తోంది. మన పిల్ల ముందు ఆ జలపాతం గోడ మీదినుంచి కారే నీళ్ళలా ఉంది. అంతేనా కారణం? అంత చిన్న సంగతికి, పిల్ల అడ్డమొచ్చిందని చెప్పడానికి నోరు రాక, తప్పు దాని మీద వేశారా? పోయాక ఆ మాట వెనక్కి తీసుకోవడం చేతకాక ఊరుకున్నారా? లేక ఆ తడిసిన పరికిణీ చూడలేక కాగితం వేశారా? ఏదో ఒకటి చెప్పి పోవలసింది. ఇప్పుడు మూడింటికీ మిమ్మల్ని తిడుతున్నాను. లోలోపలే.

తొట్టి నీళ్ళు పెరట్లో పారబోయడానికి చేతులు రాలేదు. బిందెలో పోసి ఇంద్రావతికి మోసుకుపోయి కలిపాను. దాన్ని సాగనంపడం అది రెండోసారి. ఈసారి నా చేతులతోనే.

ఓవర్సియరుకు ఇచ్చిన మాట తప్పలేదు. ఆ ప్లేటే చట్రంలో బిగించి ఎండలో ముద్ర తీశాను. పొర లేని చోట ఎండ సూటిగా దిగి, కాగితం నల్లగా మాడినట్టు వచ్చింది. కుడి అంచున, సరిగ్గా అది నిలబడ్డ చోట. కిందివైపు మీరు సంతకం పెట్టే మూల కూడా ఆ నలుపులోనే పోయింది. కత్తెర చేతిలోకి తీసుకున్నాను. "సగం పని కెమెరా చేస్తది, సగం కత్తెర చేస్తది" అనేవారు. నా సగం నేను చేయలేదు. కత్తెర పక్కన పెట్టేశాను.

నీళ్ళకు నీలం వేయలేదు. ఎర్రమట్టి రంగు వేశాను. చింతపండు పులుసు రంగు వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ తుడిచాను. చెట్లకు చిలకపచ్చ వేశాను.

నిన్న హాల్లో కట్టారు. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారని ఓవర్సియరు వచ్చి చెప్పాడు. ఆ అంచున ఉన్న నల్లటి బండ వల్లే జలపాతం ఇంకా పెద్దదిగా కనిపిస్తోందన్నారట. అది బండ కాదని నేను చెప్పలేదు. ఎవరికి చెప్పను? నవ్వు వచ్చింది. మీకూ వచ్చి ఉండేది.

సాయంత్రం దేవుడి గూటి ముందు నిలబడి లెంపలు వేసుకున్నాను. మూడుసార్లు, గట్టిగా. మీకు దీపం రోజూ పెడుతున్నాను. మానను. కానీ మీకు శాంతి కలగాలని ఇంతవరకు రాముణ్ణి అడగలేదు. అడిగింది వేరు. అక్కడ ఎక్కడో తుంపర పడే చోట మిమ్మల్ని నిలబెట్టమన్నాను. మబ్బు తొలగకూడదు. మీరు అయిందా అని అడుగుతూ ఉండాలి. జానకి అయిందని చెప్పేదాకా మీరు కదలకూడదు. దాని మనసు మెత్తన, తొందరగానే వదిలేస్తుంది. నేనైతే వదలను.

సంవత్సరీకం సక్రమంగా జరిపిస్తాను. మీకు ఇష్టమైన గారెలు నేనే వండుతాను. లోటు రానివ్వను.

ఈ కాగితాలు ప్లేట్ల పెట్టెలో, ఆ ప్లేటు ఉండే అరలో పెడుతున్నాను. మీ దగ్గరే ఉంచుకోండి. జానకి కనిపిస్తే ఒక్క మాట చెప్పండి, నువ్వు కదల్లేదు, అమ్మ చూసింది అని. మీ నోటితోనే చెప్పండి. వేడినీళ్ళ సంగతి చెప్పకండి. ఈ కాగితాలు దానికి చూపించకండి.

దానికి చదవడం వచ్చు.

మీ ఇంటి దీపం పెడుతున్న
సుభద్ర