నీలం చొక్కాల కాపలా

నారాయణఖేడ్,
19 నవంబరు 1987, గురువారం.

చిరంజీవి తమ్ముడు సంగప్పకు,

అక్క మహానంద దీవించి రాస్తున్నది. మీ బావ కాలివాపు కొంచెం తీసింది గానీ ఇంకా మంచం దిగడం లేదు. పిల్లలు బడికి పోతున్నారు. మంచి కబురు అంతవరకే. మూడు రోజులుగా నాకు ముద్ద దిగడం లేదు. నువ్వు పోలీసు నౌకరీలో ఉన్నవాడివి. అందుకే ఎవరికీ చెప్పకుండా నీకు రాస్తున్నాను.

వినాయక చవితికీ దసరాకూ మధ్య మా బజారులో మూడు దుకాణాల తాళాలు పగిలాయి. రెండోది మన గిన్నెల దుకాణమే. ఠాణాకు నాలుగుసార్లు తిరిగాను. జీపు బందోబస్తుకు పోయిందని ఒకసారి, మనుషులు లేరని ఒకసారి చెప్పారు. చివరికి జమేదారు, "ఇన్ని ఊర్లకు మేం తొమ్మిది మందిమమ్మా. ఎవని దుకాణం ముంగట పండుకోవాలె?" అన్నాడు. అదీ నిజమే. కానీ నా కడుపుమంట చల్లారలేదు. బట్టల దుకాణం విరుపాక్షప్ప దగ్గర వ్యాపారులందరం కూర్చున్నప్పుడు, మన కాపలా మనమే పెట్టుకుందామని మొదట నోరు తెరిచింది నేనే.

పట్నం నుంచి ఐదుగురు వచ్చారు. నీలం చొక్కాలు, లాఠీలు, ఈలలు. వాళ్లకు పెద్ద యాదయ్య అనే అతను. మొదటి పదిహేను రోజులు ప్రాణం హాయిగా ఉంది. ఆ తర్వాత బజారు వాళ్లదే అయిపోయింది. కూరగాయల గంపలను కాళ్లతో నెట్టారు. కల్హేర్ నుంచి వచ్చిన రైతులను నిలబెట్టి మూటలు విప్పించారు. ఇదేందని విరుపాక్షప్పను అడిగితే, "దొంగతనాలు బందయినయా లేదా? గది చెప్పు" అన్నాడు. నేను ఊరుకున్నాను.

మొన్న సోమవారం అంగడికి బోరంచ నుంచి లక్ష్మవ్వ అనే ముసలామె వచ్చింది. ఆమె సంచిలో కొత్త ఇత్తడి బిందె ఉంది, రసీదు లేదు. యాదయ్య అడ్డగించి అడిగితే ఆమె ఎదురు తిరిగింది. "పైసలిచ్చి కొన్న. నువ్వెవనివిరా నన్నడగనీకి?" అన్నదట. అతను సంచి గుంజాడు. ఆమె వదల్లేదు. రాళ్లమీద పడి కుడి మణికట్టు విరిగింది.

బిందె మన దుకాణంలోనే కొన్నానని ఆమె చెప్పింది. యాదయ్య వచ్చి నన్ను అడిగాడు. అంగడి రద్దీలో ఎవరికి ఏం అమ్మానో నాకు గుర్తు లేదు. అదే చెప్పాను. ఆమెను తీసుకుపోయి విరుపాక్షప్ప గోదాములో పెట్టి తాళం వేశారు. పగలు మూడింటికి జమేదారు వచ్చి తాళం తీయించి దవాఖానకు పంపాడు. అప్పటిదాకా మంచినీళ్లు కూడా ఇవ్వలేదట.

ఇప్పుడు వ్యాపారులు ఠాణాలో ఇవ్వడానికి ఒక కాగితం రాసుకున్నారు. ఆమె బిందె ఎత్తుకొని పారిపోతూ తనంతట తానే పడిందని. అందరి సంతకాలూ అయ్యాయి, నాది తప్ప. శనివారం పొద్దున వస్తామన్నారు. "గా ముసల్ది దొంగ కాదంటే మనమందరం జైలుకు పోవాలె, సోచాయించుకో చెల్లే" అని విరుపాక్షప్ప మెత్తగానే చెప్పి పోయాడు.

నిన్న ఆమె కొడుకు మొగులయ్య వచ్చి గడప ముందు నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "అక్కా, మా అవ్వ దొంగ కాదని ఒక్క మాట చెప్పు. చెయ్యి నొప్పికి ఏడుస్తలేదు, గా మాటకే ఏడుస్తుంది" అన్నాడు. నేను లోపలికి వచ్చేశాను. బజారులో ఈల వినబడితే చాలు, దుకాణం తలుపు దగ్గరికి వేస్తున్నాను. ఆ ఈల మా కోసం పెట్టుకున్నదే కదా!

సంతకం చేయకపోతే ఈ బజారులో నన్ను బతకనిస్తారా? చేస్తే రేపు కోర్టులో ఏమవుతుంది? ఉత్తరం అందగానే సెలవు పెట్టి బస్సెక్కి రా తమ్ముడూ.

నీ మేలు కోరే అక్క,
మహానంద

తా.క. మడిచిన కాగితం మళ్లీ విప్పాను, సంగప్పా. గుర్తు లేదని నీకు కూడా అబద్ధం రాశాను. ఆ రోజు నా బోణీ లక్ష్మవ్వదే. మూడు బిందెలు వేలితో కొట్టి, చప్పుడు విని, ఒకటి ఏరుకుంది. బస్సులో సొట్ట పడుతుందని సంచిలో పెట్టి ఇచ్చింది నేనే. యాదయ్య నన్ను అడిగినప్పుడు ఆమె విరిగిన చెయ్యి పట్టుకొని నా ఎదురుగానే నిలబడి ఉంది. "చెప్పు బిడ్డా" అన్నది. వెనక వ్యాపారులందరూ ఉన్నారు. ఈ కాపలా పోతే మళ్లీ తాళాలు పగులుతాయని భయమేసింది. గుర్తు లేదన్నాను.

ఇప్పుడే మీ బావకు అంతా చెప్పాను. "ఇంక ఇక్కడేం కూసున్నవ్? పో" అన్నాడు. నువ్వు వచ్చేదాకా ఆగను. ఈ ఉత్తరం డబ్బాలో వేసి ఠాణాకు పోతున్నాను. జమేదారుతో నా మాట రాయించి, దానిమీద సంతకం పెడతాను. అక్కణ్ణుంచి దవాఖానకు. లక్ష్మవ్వ నన్ను దగ్గరికి రానిస్తుందో లేదో తెలియదు.